యలమందయ్య చెయ్యి పెట్టిన లాప్‌టాప్

గుండ్లకమ్మ గట్టు దాటి చేలల్లోకి వచ్చిన ఏడాది అది. అంతకుముందు వరద వచ్చినప్పుడు యలమందయ్యకు నోటినిండా పళ్లున్నాయి. ఈ వరదకు రెండు మిగిలాయి. నీళ్లు తీసిపోయాక కూడా మిరపచేలు దూరం నుంచి పచ్చగానే కనపడ్డాయి. దగ్గరకు వెళ్లి మొక్కను పట్టుకుంటే చాలు, చేతిలోకి ఊడి వచ్చేది. వేరు నల్లగా కుళ్లి వాసన కొట్టేది. పత్తి మాత్రం ఎట్లాగో నిలబడింది. కాయ పగిలింది, దూదికి బురద రంగు పట్టింది.

సాయంత్రం పూట యలమందయ్య అరుగు మీద కూర్చుని గోగునార తాడు పేనుతున్నాడు. ఊళ్లో కట్టేసుకునే ఎడ్లు లేవు, ఆ తాడు ఎవరికీ అక్కరలేదు. అయినా కాలి బొటనవేలికి నార చుట్టి, అరచేతుల మధ్య మెలి తిప్పుతూ కూర్చునేవాడు. మొహిద్దీన్ బాషా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రెండిళ్ల అవతల ఉంటాడు. కౌలుకు పత్తీ మిరపా వేస్తాడు.

"బాబాయ్, రేపు నువ్వు ఒంగోలు రావాల."

"గొడ్డా?"

"గొడ్డు కాదు. సిద్దికాకి లాప్‌టాపు."

లోపల బియ్యం చెరుగుతున్న సుబ్బరావమ్మ చేట ఆపింది. "దానికి పళ్లు పట్టి చూసి వయసు చెబుతాడంట్రా మీ బాబాయ్?"

బాషా నవ్వలేదు. "ఈసారి మిరప నారు బాబాయిని పిలవకుండా పెట్టాను పిన్నీ. ఏమయిందో చూశావుగా."

"వాన అందరి చేలల్లోనూ పడ్డది గదరా."

"పడ్డది. నా చేలో ఎక్కువసేపు నిలబడ్డది."

మళ్లీ చేట చప్పుడు మొదలైంది.

ఆ ఊళ్లో ఎడ్లున్న కాలంలో సంతకు పోయే ప్రతివాడూ యలమందయ్యను వెంటపెట్టుకుపోయేవాడు. ఆయన చూసి, తిరిగి, చివరికి ఒక ఎద్దు మూపురం మీద చెయ్యి వేసేవాడు. వేశాక ఇంక మాట ఉండేది కాదు. చెయ్యి వేసినదాన్ని కాదని ఇంకోటి తోలుకొస్తే అచ్చిరాదని అందరికీ నమ్మకం. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినా ఆ నమ్మకం పోలేదు. గొర్రులో మొదటి గుప్పెడు విత్తనం ఆయనే పోయాలి. మోటారు సైకిలు కొన్నా, టీవీ కొన్నా ముందు ఆయన చెయ్యి పడాలి. ఆయన ఎవరినీ నమ్మమని అడగలేదు. వద్దనీ అనలేదు.

"వస్తాలే," అన్నాడు, తాడు చుట్టపెడుతూ.

పొద్దున్నే బాషా ఇంటికి వెళితే మాబూబీ టీ ఇచ్చింది. టీ తాగుతూ యలమందయ్య కొట్టం వైపు చూశాడు. గుంజలున్నాయి, గేదెలు లేవు. నేల మీద పేడ ఎండిపోయి ఉంది. ఎప్పుడమ్మావని ఆయన అడగలేదు. అమ్మేటప్పుడు తనను పిలవనందుకు మాత్రం మనసులో కొంచెం చివుక్కుమంది.

సిద్దికా తలకు చున్నీ చుట్టుకుంటూ బయటికి వచ్చింది. ఒంగోలు కాలేజీలో చదువు అయిపోయి వేసవిలో ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి ఈ పిల్లకు కబురు పెట్టింది. ఇంట్లో కూర్చునే చేయొచ్చు. ముందు పరీక్షగా ఒక పని ఇస్తారు, అది చేసి చూపిస్తే ఉద్యోగం. యంత్రం మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మామూలుది పనికిరాదు, గేమింగ్ లాప్‌టాప్ ఉండాలి.

"ఆటలాడేదంట గదమ్మా అది," అన్నాడు యలమందయ్య.

"ఆడటానికి కాదు తాతా. ఆటలో ఊళ్లుంటాయి. గోడలు, మెట్లు, చెట్లు. అవి కట్టటానికి."

"తాపీ పనా?"

"అట్టాంటిదే," అని నవ్వింది. నవ్వితే ఆ పిల్లకు కుడి బుగ్గ మీద సొట్ట పడుతుంది. వరద వచ్చాక ఆ సొట్ట చూడటం యలమందయ్యకు అదే మొదలు.

దర్శిలో బస్సు ఎక్కారు. తండ్రీ కూతురూ ఒక సీట్లో, వెనక సీట్లో యలమందయ్య. డెబ్బై వేలు బాషా బనీను లోపలి జేబులో ఉన్నాయి. చెయ్యి అక్కడి నుంచి తీయకుండా కూర్చున్నాడు. బస్సు ఊరు దాటాక సిద్దికా వెనక్కి తిరిగింది.

"తాతా, నేను రెండు నెలల బట్టీ చూస్తన్నా. వీడియోలు చూశా, కొన్నవాళ్లు రాసింది చదివా. మన డబ్బులకి ఇప్పుడు రెండే వస్తన్నాయి. ఒకదాంట్లో తెర బాగుంటది, లోపల బొమ్మల్ని నడిపే కార్డు చిన్నది. ఒకదాంట్లో కార్డు పెద్దది, తెర అంత బాగుండదు. అందుకని నేను..."

యలమందయ్య చెయ్యెత్తాడు. అటుగా వస్తున్న కండక్టరు వైపు కళ్లతో చూపించాడు.

"దారిలో చెప్పగూడదమ్మా."

"ఏం తాతా?"

"ఏ గొడ్డు కావాలో దారిలో నోటితో అనగూడదు. ఎవడు వింటాడో ఎవడికి తెలుసు. నువ్వు పోయేసరికి ధర పెరిగి కూర్చుంటది."

"ఈ బస్సులో లాప్‌టాపుల బేరగాళ్లు ఎవరుంటారు తాతా?"

"ఉంటే?"

పిల్లకు మళ్లీ నవ్వు వచ్చింది. బాషాకు రాలేదు. "తాత చెప్పినట్టు ఇనమ్మా. ముందే ఇది కావాలి అది కావాలి అనుకోబాక. తాత చెయ్యి ఎటు పోద్దో చూద్దాం." సిద్దికా ముందుకు తిరిగి కూర్చుంది. ఒంగోలు దాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

షాపుకు అద్దాల తలుపు. యలమందయ్య మెట్ల దగ్గరే చెప్పులు విడిచాడు. లోపల నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి ఎదురొచ్చింది. పేరు చొక్కా మీదే ఉందట, భవ్య అని సిద్దికా చదివి చెప్పింది.

"చెప్పులతో రావచ్చు తాతగారూ."

"ఉండనీ అమ్మా," అన్నాడాయన. కింద రాయి ఐసులా ఉంది. కాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ నిలబడ్డాడు.

సిద్దికా తన ఫోనులో ఏవో పేర్లు చూపించింది. భవ్య వాళ్లను ఒక బల్ల దగ్గరకు తీసుకుపోయింది. బల్ల మీద రెండు పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. ఒకటి నల్లది, మందంగా, మొరటుగా ఉంది. వెనక పొడుగునా గాడులు. అక్షరాల కింద నుంచి ఎర్రగా వెలుతురు. రెండోది వెండి రంగుది, తమలపాకులా పల్చగా ఉంది. తెర మీద సముద్రం బొమ్మ, నీళ్లు కదులుతున్నట్టే.

యలమందయ్య లాప్‌టాపుల వంక చూడలేదు. వాటిని చూసి తనకేం తెలుస్తుంది? ఆయన పిల్ల వంక చూశాడు. సంతలో ఆయన నేర్చుకున్న విద్య అంతా అదే. గొడ్డును చూసేది సగమే, మనుషుల్ని చూసేది మిగతా సగం. కొనేవాడు కోరిన ఎద్దు దగ్గరకు ఎప్పుడూ పోడు. దాని పక్కదాని దగ్గరకు పోతాడు. దాని పళ్లు పడతాడు, గిట్టలు ఎత్తుతాడు, తోక లాగుతాడు, బేరం కూడా ఆడతాడు. కోరినదాని వంక కన్నెత్తి చూడడు. చూశాడా, అమ్మేవాడు పట్టేస్తాడు. పొద్దెక్కాక, పోబోతూ పోబోతూ, దీనికెంత చెబుతావేంది అని వేలితో చూపిస్తాడు. ఆ వేలు చూపించినదే వాడు ఇంటి దగ్గర నుంచి అనుకుని వచ్చింది.

సిద్దికా తిన్నగా నల్లదాని దగ్గరకు పోయింది. రెండు చేతులా ఎత్తి తిరగేసింది. వెనక గాడుల మీద వేలు పెట్టి రాసింది. గాలి వచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. "దీంట్లో కార్డు ఎన్ని వాట్ల మీద నడుస్తదండీ?" అని అడిగింది. భవ్యకు తెలియలేదు, లోపలికి పోయి కనుక్కొచ్చింది. "ఫ్యాన్లు రెండేనా? ర్యాము తర్వాత ఇంకోటి వేసుకోవచ్చా?" అని మళ్లీ అడిగింది. అక్షరాల మీద వేళ్లు ఆడించింది. వంగి పక్కనుంచి తెర చూసి, "తెర కొంచెం మసగ్గా ఉంటది, పర్లేదు," అని తనలో తాను అనుకుంది.

"అక్కా, ఒక్కసారి ఇది కూడా చూడండి," అంది భవ్య, వెండి రంగుదాన్ని ముందుకు జరుపుతూ. "బరువు తక్కువ. స్టూడెంట్లు అందరూ ఇదే తీసుకుంటున్నారు. రేటు కూడా అదే."

"వద్దండీ," అంది సిద్దికా. తల కూడా తిప్పలేదు.

తల తిప్పకపోవడం చూసి యలమందయ్య గుండె పొంగింది. పేరుమోసిన బేరగాళ్లే ఒక్కసారైనా కన్ను జారవిడుస్తారు. ఇది జారవిడవలేదు. చంటిపిల్లప్పుడు తన అరుగు మీద పాకిన పిల్ల. ఎవరు నేర్పారు దీనికి ఇంత నేర్పు అనుకున్నాడు. అమ్మే పిల్ల ఎంత ముందుకు నెట్టినా ఇది నల్లదాన్నే పట్టుకుని కూర్చుంది. అంటే ఎంత కావాలో దీనికి ఆ వెండి రంగు తెల్లది.

"బాబాయ్, ఇంక నువ్వు చూడు," అన్నాడు బాషా. ఒక చేత్తో కూతురి మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

యలమందయ్య చెయ్యి తువ్వాలుకు తుడుచుకున్నాడు. నల్లదాని ముందు నుంచి నడిచి, వెండి రంగుదాని మీద చెయ్యి పెట్టాడు. చల్లగా, నున్నగా ఉంది.

సిద్దికా నోరు తెరిచింది. "తాతా..." అంది.

ఆయన పిల్ల వంక చూసి, ఒక కన్ను కొంచెంగా మూశాడు. నాకు తెలుసులే అన్నట్టు. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోరిక తీరితే ఆడపిల్లలకు అట్లాగే తిరుగుతాయని ఆయన అనుకున్నాడు.

"నాన్నా, అది కాదు, నేను..."

"తాత చెయ్యి పెట్టినాక ఇంక మాట లేదమ్మా," అన్నాడు బాషా. "నీకు దణ్ణం పెడతా. ఇంక ఏదీ అచ్చిరాకుండా పోగూడదు మనకి."

బాషా కూతురి మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల తండ్రి మొహం చూసింది. బల్ల మీద ఉన్న ముసలి చెయ్యిని చూసింది. తర్వాత నేల చూసింది.

"మంచి సెలక్షను తాతగారూ," అంది భవ్య, పెట్టె తేవడానికి లోపలికి పోతూ.

తిరుగు బస్సులో పెట్టెను సిద్దికా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నీళ్లు నిలిచిన చేలల్లో కొంగలు వాలుతున్నాయి.

"బాగుందామ్మా?" అన్నాడు యలమందయ్య వెనక నుంచి.

"బాగుంది తాతా."

ఇంటికి వచ్చి ఆయన సుబ్బరావమ్మతో సంగతంతా చెప్పాడు. పిల్ల ఎట్లా నిలబడింది, ఎట్లా తల తిప్పలేదు, తను ఎట్లా కనిపెట్టాడు. నెలకు సరిపడా మాటలు ఒక్క పూటలో ఆడాడు. సుబ్బరావమ్మ కంచంలో అన్నం పెడుతూ, "ఇంతకీ అది కావాలని ఆ పిల్ల అన్నదా?" అని అడిగింది.

"ఎట్టా అంటదే పిచ్చిదానా," అన్నాడు.

కంపెనీ వాళ్లు పరీక్ష పని ఇచ్చారని తెలిసి యలమందయ్య సాయంత్రాలు బాషా ఇంటికి పోయేవాడు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. సిద్దికా లోపల మంచం ముందు పీట వేసుకుని పని చేస్తుండేది. తెర మీద ఒక వీధి లేస్తోంది. రాతిగోడ ఒకటి, దానికి పగుళ్లు. విరిగిన మెట్లు. పెంకుల మీద నాచు.

"ఏ ఊరమ్మా ఇది?"

"ఏ ఊరూ కాదు తాతా. వాళ్లు పంపిన బొమ్మ చూసి కట్టాల."

"మనుషులు లేరేంది?"

"మనుషుల్ని వేరేవాళ్లు చేస్తారు."

"మంచిదే," అన్నాడు. "మనుషులు రాకముందు ఏ ఊరైనా బాగానే ఉంటది."

మాబూబీ వంటింట్లోంచి నవ్వింది. సిద్దికా నవ్వలేదు. తెర వంకే చూస్తోంది. లాప్‌టాపులోంచి ఒక చప్పుడు మొదలైంది. ముందు సన్నగా ఈల వేసినట్టు, తర్వాత పెద్దదై, ఇల్లంతా నిండింది. తెర మీద గోడ తిరగాల్సింది తిరగకుండా ఆగి ఆగి కదిలింది. సిద్దికా గబగబా ఏదో నొక్కింది. తెర ఆరిపోయింది.

పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చల్లారేదాకా అట్లాగే కూర్చుని మళ్లీ తెరిచింది. మెట్లు పోయాయి. మళ్లీ మొదటి మెట్టు నుంచి కట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు వెళ్లేసరికి లాప్‌టాపు కింద బోర్లించిన స్టీలు పళ్లెం ఉంది. ఆ తర్వాత పళ్లెం కింద తడిగుడ్డ వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క టేబులు ఫ్యానూ దాని వైపే తిప్పి పెట్టారు. కరెంటు పోతే మాబూబీ తాటాకు విసనకర్రతో దానికి విసిరేది, జ్వరం వచ్చిన పిల్లకు విసిరినట్టు. యలమందయ్య ఒకసారి లేచి దాని మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే తీశాడు.

"రొప్పుతోందమ్మా ఇది."

"అవును తాతా."

"బరువెక్కువయింది దీనికి."

సిద్దికా తల ఊపింది. చెమట పట్టిన వేళ్లు చున్నీకి తుడుచుకుని మళ్లీ పనిలో పడింది. ఎద్దు రొప్పితే కాడి దించాలి. దీని కాడి ఎక్కడుందో యలమందయ్యకు తెలియదు. ఇంటికి పోయి అన్నం తినకుండా పడుకున్నాడు.

గడువు రోజు దాటాక ఒక సాయంత్రం రంజాన్ టీ బడ్డీ దగ్గర బాషా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురున్నారు. యలమందయ్య వచ్చి చివర కూర్చుంటే రంజాన్ గ్లాసు అందించాడు.

"పిల్ల పని అయిందా బాషా?" అన్నాడొకడు.

"కాలేదు. పని సగంలో ఉండగానే టయిము దాటిందంట. ఈసారికి ఇంతేనని కబురు పెట్టారు."

"లాప్‌టాపులో ఏందో తేడా ఉందేమోరా."

"లాప్‌టాపులో తేడా ఏముంటది? బాబాయి చెయ్యి పెట్టి తెచ్చింది," అన్నాడు బాషా. "పిల్లకే చేతగాలా. చదువు కాగితాల మీదనే. నేనే ఎక్కువ ఊహించుకున్నా."

"ఆడపిల్ల, ఎంతని చేస్తదిలే," అన్నాడు రంజాన్, పాలగిన్నె తిప్పుతూ.

"రేపటి నుంచి వాళ్లమ్మతో పత్తికి పోద్ది. ఎవరన్నా అడిగితే ఆ లాప్‌టాపు అమ్మేస్తా. బాబాయి ముట్టుకున్నదని కొనేవాళ్లుంటారు."

యలమందయ్య టీ తాగలేదు. గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

బాషా ఇంటి ముందు సిద్దికా ఒక పాత చీర చింపుతోంది. పత్తి తీసేటప్పుడు నడుముకు కట్టుకునే ఒడికి. పళ్లతో అంచు కొరికి, రెండు చేతులా లాగి చింపుతోంది. మాబూబీ చేతిపంపు దగ్గర ఉంది.

యలమందయ్య వచ్చి ఆ పిల్ల ముందు నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"నువ్వు కోరుకున్నదే గదమ్మా నేను చెయ్యి పెట్టింది?"

సిద్దికా చీర చింపడం ఆపింది. "ఇప్పుడెందుకు తాతా."

"చెప్పు."

"కాదు."

"నల్లదా?"

"నల్లదే. దాంట్లో కార్డు పెద్దది, రెండు ఫ్యాన్లు. వేడి వెనక నుంచి పోద్ది. తెల్లదాంట్లో కార్డు చిన్నది, వేడి పొయ్యే దారి లేదు. చిన్న పనులకి బాగుంటది అది. నా పనికి ఆగదు."

"నువ్వు తెల్లదాని వంక చూడనే లేదు గదమ్మా."

"ఎందుకు చూస్తా తాతా? నాకది వద్దు."

"వద్దన్నదాన్నే గదమ్మా చూసేది," అన్నాడు యలమందయ్య. "కావాల్సినదాని వంక చూడరు గదా."

సిద్దికాకు ముందు అర్థం కాలేదు. ఆయన మొహం చూసిన తర్వాత నెమ్మదిగా అర్థమయింది. కన్ను మూసి సైగ చేయడం గుర్తొచ్చినట్టుంది, పిల్ల పెదవులు కదిలాయి.

"నేను దారిలోనే చెబుదామనుకున్నా తాతా."

"నేనే గదా చెప్పొద్దన్నది."

"షాపులోనన్నా చెప్పేదాన్ని. అందరిలో నీ చెయ్యి తియ్యమని ఎట్టా అననూ?"

"తిరిగిస్తే తీసుకోరా వాళ్లు?"

"ఫోను చేశా. పెట్టె తెరిస్తే తీసుకోరంట."

పంపు దగ్గర బిందె నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. యలమందయ్య వెనక్కి తిరిగాడు. సిద్దికా ఎదురొచ్చి అడ్డంగా నిలబడింది.

"నాన్నకి చెప్పబాక తాతా."

"నీకు చేతగాలేదంటున్నాడమ్మా. అందరిలో."

"అననీ. ఆయనకి చేను పోయింది, గేదెలు పోయినాయి. నీ చెయ్యి ఒక్కటే ఉంది నమ్ముకోటానికి. అది కూడా లేదంటే ఏమయిపోతాడు?"

ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టబోయి, ఆపి, కిందికి దించుకున్నాడు.

మళ్లీ బడ్డీ దగ్గరకు వచ్చేసరికి వాళ్లింకా అక్కడే ఉన్నారు. యలమందయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆ బెంచీ మీద వాళ్లెవరూ ఎరగరు. పిల్ల కోరింది నల్లదని, తాను పొరబడి తెల్లదాని మీద చెయ్యి పెట్టానని, అది బరువు లాగలేక చచ్చిందని, పిల్ల తప్పు ఆవగింజంత కూడా లేదని చెప్పాడు. "నా చెయ్యి మంచిది కాదురా. ఎప్పుడూ కాదు. నేను చూసింది మనుషుల మొహాలు. ఈ పిల్ల మొహం చూడటం నాకు రాలా."

రంజాన్ స్టవ్ మంట తగ్గించాడు.

బాషా లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "పిల్ల మీద జాలితో నువ్వు నీ మీద వేసుకుంటున్నావు బాబాయ్. నాకు తెలవదా?"

"నిజమే చెబుతున్నానురా."

"నిజమేలే. కూర్చో."

"పెద్దరికమంటే ఇదిరా," అన్నాడు బెంచీ మీద ఒకడు. "ఇంకొకడైతే పిల్లని నాలుగు మాటలనేవాడు."

"ఆ పిల్లే అట్టా చెప్పమన్నదేమో," అన్నాడు ఇంకొకడు. "చదువుకున్నవాళ్లకి సాకులు బాగా వస్తయి."

"అది ఏమీ చెప్పమనలేదురా," అన్నాడు యలమందయ్య. ఎవరూ వినలేదు. రంజాన్ ఆయన చేతిలో వేడి టీ పెట్టాడు, డబ్బులు వద్దన్నాడు.

"బాబాయ్," అన్నాడు బాషా, కళ్లు తుడుచుకుని. "మిరప దున్నేశా. రేపు పొద్దున్నే శనగలు ఎదబెడుతున్నా. ట్రాక్టరు మాట్లాడా. మొదటి గుప్పెడు నువ్వే పొయ్యాల."

యలమందయ్య టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్పేశాడు.

తెల్లారాక సుబ్బరావమ్మను పాత చీర ముక్క అడిగాడు.

"ఎందుకు?"

దండెం మీదది తానే తీసుకుని, మెడకు చుట్టుకుని బయటికి నడిచాడు.

పత్తిచేలో మంచు ఇంకా ఆరలేదు. ఆడవాళ్లు అప్పటికే సాళ్లు పట్టారు. మాబూబీ, బిందుమాధవి, ఇంకా నలుగురైదుగురు. చివరి సాలులో సిద్దికా ఉంది. ఆ ఊళ్లో మగవాడు పత్తి తీయడమన్నది లేదు. మగవాళ్లు పత్తిని బోరాల్లోకి తొక్కుతారు, ఎత్తుతారు, బండికెక్కిస్తారు. తీసేది ఆడవాళ్లే. యలమందయ్య గట్టు దిగి, చీర ముక్క నడుముకు ఒడిలా కట్టుకోబోయాడు. ముడి పడలేదు.

"ఏం తాతా," అంది బిందుమాధవి నడుం నిలబెట్టి. "సుబ్బరావమ్మ కూలికి తోలిందా నిన్ను?"

"మన కూలి ముఠాలో చేరతన్నాడే," అంది ఇంకొకామె. "వచ్చిన కాడికి సగం కూలే ఇయ్యాల మరి."

ఆడవాళ్లు నవ్వారు. ఆయన పోయి సిద్దికా పక్క సాలు పట్టాడు. సిద్దికా వచ్చి, ఆయన వెనక నిలబడి ఒడి ముడి వేసింది. వేసి తన సాలులోకి పోయింది.

పగిలిన కాయ పట్టుకుని లాగాడు. కాయ రెక్కల కొసలు సూదుల్లా ఉన్నాయి, వేలు గీసుకుంది. దూది సగం వచ్చింది, సగం కాయలోనే ఉండిపోయింది. వచ్చిన దూదికి ఎర్రగా మరక అంటింది.

"అయిదు వేళ్లూ దింపి ఒక్కసారే లాగాల తాతా," అంది సిద్దికా పక్క నుంచి.

అట్లాగే లాగాడు. రెండోది కూడా సగమే వచ్చింది.

పొద్దు కొంచెం పైకి వచ్చేసరికి గట్టు అవతల ట్రాక్టరు వచ్చి ఆగింది. వెనక గొర్రు తగిలించి ఉంది. బాషా దిగి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు. "బాబాయ్, విత్తనం సిద్ధంగా ఉంది. రా."

ఆడవాళ్లందరూ తలెత్తి యలమందయ్య వంక చూశారు. ఆయన తల ఎత్తలేదు.

"తాతా, నాన్న పిలుస్తున్నాడు," అంది సిద్దికా.

"వినపడింది."

బాషా ఇంకో రెండుసార్లు పిలిచాడు. తర్వాత గట్టు మీదే విత్తనాల బస్తా పక్కన కూర్చున్నాడు. ట్రాక్టరు ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది. యలమందయ్య ఒక కాయ తర్వాత ఒకటి తీసుకుంటూ సాలు వెంట ముందుకు పోతూనే ఉన్నాడు. ఆయన కాయల్లో మిగిలిపోయిన దూదిని సిద్దికా తన సాలులోంచే చెయ్యి చాపి తీసి ఒడిలో వేసుకుంటూ వస్తోంది.